అప్‌డేట్: మోటారు దొంగతనం పేరిట నాపై పెట్టిన తప్పుడు కేసు

గట్టు తగాదా మనసులో పెట్టుకొని, తన బోరు మోటారు దొంగిలించానని నాపై కేసు పెట్టిన పక్క పొలం ఆయనపై ఏ చర్య తీసుకోవచ్చునని గత నెల అడిగాను. ఫిర్యాదుకు రెండు రోజుల ముందే ఆయనే మోటారును కోడుమూరులో రీవైండింగ్‌కు ఇచ్చినట్లు, ఆయన సంతకంతో, గ్రీజు మరకలతో ఉన్న కార్బన్ రసీదు దొరికింది. పోలీసులు కేసు అబద్ధమని తుది నివేదిక ఇవ్వగా కోర్టు ఆమోదించింది.

సంఘటన కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1 తర్వాతిది కనుక, తప్పుడు నేరారోపణకు పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 211 కాక, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 248వ సెక్షన్ వర్తిస్తుందని వకీలు చెప్పారు. ఇటువంటి ఆరోపణకు పాత చట్టంలో రెండేళ్లున్న గరిష్ఠ జైలుశిక్ష ఇప్పుడు ఐదేళ్లయింది. జరిమానా 2 లక్షల రూపాయల వరకు ఉండవచ్చు. అయితే కేసు వీగిపోయినంత మాత్రాన చాలదు. న్యాయమైన ఆధారం లేదని తెలిసే, నాకు హాని చేయాలన్న ఉద్దేశంతోనే ఆరోపణ మోపారని రుజువు కావాలి. ఆ రసీదే ఇప్పుడు నాకు కొండంత అండ.

ఆరోపణ కోర్టు ప్రక్రియకు సంబంధించినదైతే, కేసుల విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 215వ సెక్షన్ ప్రకారం ఆ కోర్టే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, నేను నేరుగా కేసు వేయడం కుదరదు. అందుచేత అదే సంహిత 379వ సెక్షన్ కింద కోర్టు విచారణ కోరుతూ సోమవారం కర్నూలులో పిటిషన్ వేశాము. పెద్దమనుషులు రాజీ అంటున్నారు. గట్టు సర్వే అయ్యేవరకు ఆ మాట ఎత్తవద్దన్నాను.