మూత్రపిండాల జబ్బున్న పిల్లిని తెచ్చుకోవచ్చా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
సంరక్షణ కేంద్రంలో 8 ఏళ్ల ఆడపిల్లి ఒకటి మా అమ్మాయి ఒడి దిగనని మొండికేసింది. దానికి మూత్రపిండాల జబ్బుందని, రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 2.4 ఉందని, జీవితాంతం జాగ్రత్తగా చూసుకోవాలని అక్కడివారు ముందే చెప్పారు. మన ఎండల్లో దాన్ని కాపాడుకోగలమా అన్నదే నా భయం.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
తప్పక తెచ్చుకోండి. 2.4 అంటే ఈ జబ్బుకున్న నాలుగు దశల్లో రెండో దశ కిందికి వస్తుంది. ఈ జబ్బు నయం కాదు గానీ, భాస్వరం తక్కువగా ఉండే ఆహారం పెడుతూ, మూడు నాలుగు నెలలకోసారి రక్తపరీక్ష చేయించి, రక్తపోటు కూడా చూపిస్తూ ఉంటే చాలా పిల్లులు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. మా పిల్లి నీళ్ల గిన్నె ముట్టేది కాదు. వంటింటి కుళాయి నుంచి చుక్కలు పడుతుంటే మాత్రం మెడ వంచి నాకేది. అందుకని మూడు గదుల్లో మూడు వెడల్పాటి మట్టి మూకుళ్లు పెట్టి, తడి ఆహారంలో మరికాస్త గోరువెచ్చని నీళ్లు కలపడం మొదలుపెట్టాను.

జవాబు (పటమట, విజయవాడ):
నలతగా ఉందని పారాసిటమాల్ ముక్క కూడా వేయకండి, పిల్లులకు అది ప్రాణాంతకం. ఆహారాన్ని ఒక్కసారిగా మార్చవద్దు. రోజంతా తినకపోతే వెంటనే పశువైద్యునికి చూపించండి.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఆదివారం తెచ్చుకుంటున్నాం. మూకుళ్లు నిన్ననే కొన్నాను.