అప్‌డేట్: విరిగింది మణికట్టు, పట్టేసింది భుజం

మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు దించుతూ పడి మా తమ్ముడి మణికట్టు విరిగిందనీ, కట్టు విప్పాక భుజం లేవట్లేదనీ, ఇన్సూరెన్స్ వాళ్లేమో భుజానికీ ప్రమాదానికీ సంబంధమే లేదంటున్నారనీ ఇంతకుముందు అడిగాను కదా. తర్వాత జరిగింది ఇదీ.

ఎముకల డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. చెయ్యి చాలాకాలం కదపకుండా ఉంచితే భుజం కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోతుందట. వాడికి షుగర్ కూడా ఉంది, అది ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువట. చొక్కా తొడగాలంటే ముందు ఆ చేతినే దూర్చాలి, వెనక జేబు దాకా చెయ్యి పోదు. ఫిజియోథెరపీతో కొద్దికొద్దిగా లేస్తోంది.

అసలు పేచీ కాగితం దగ్గరే. మొదటి సర్టిఫికెట్‌లో మణికట్టు ఒక్కటే ఉంది. మీలో ఒకరు చెప్పినట్టే డాక్టరును అడిగి, కట్టు వల్లే భుజం పట్టేసిందనీ, సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో కూడా రాయించాం. ప్రమాదం 2024లో జరిగింది కాబట్టి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద కార్మిక శాఖలో కేసు వేశాం. గడువు రెండేళ్లు. ఈఎస్ఐ ఉంటే ఈ దారి ఉండదు, మావాడికి లేదు. నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించి, అందులో పోయిన శక్తి శాతం ఇస్తారు. ఆలస్యమైతే 12 శాతం వడ్డీ.

మిల్లు వైపు నుంచి ఒకాయన ఇంటికొచ్చి, కొంత చేతిలో పెడతాం, తెల్లకాగితం మీద సంతకం పెట్టమన్నాడు. భలే తెలివి! రాజీ అయినా అధికారి దగ్గర నమోదు కావాల్సిందేనని మా వకీలు ముందే చెప్పాడు. పెట్టలేదు. వచ్చే వాయిదాకు డాక్టరు సాక్ష్యం ఉంది.