కొత్త ఫైర్ స్టేషన్ బైపాస్ దగ్గర కడతారంట, ఒప్పుకోవాలా, పాత చోటే కావాలని అడగాలా?

వంశధార_గట్టు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక టౌను. ఊరి పేరు కావాలనే రాయట్లేదు, ఫైలు ఇంకా నడుస్తోంది.

మా ఫైర్ స్టేషన్ బజారు మధ్యలో ఉంటది. పాత పెంకుల షెడ్డు, పక్కన రెండు గదులు, అంతే. ఆ షెడ్డు కట్టిన రోజుల్లో బళ్ళు చిన్నవేమో గానీ ఇప్పుడున్న బండి పైన నిచ్చెనతో ఆ గుమ్మంలో పట్టదు, అందుకని ఎండైనా వానైనా బయట వేపచెట్టు కిందే ఉంటది, టైర్ల పక్కలు ఎండకి నెర్రెలు కొట్టేశాయి. తడిసిన గొట్టాలు కాంపౌండ్ గోడ మీద పరిచి ఆరబెడతారు. నైట్ డ్యూటీ వాళ్ళు పడుకునే గదిలో ఒక మూల వాన కారుతుంటే బకెట్ పెట్టుకుంటారు. మన ఇల్లు కాలితే పరిగెత్తుకొచ్చేది వాళ్ళే, వాళ్ళనలా ఉంచడం చూస్తే చాలా బాధనిపిస్తది.

ఇప్పుడు కొత్తది కడతారంటున్నారు, సంతోషమే. కానీ స్థలం ఊరి బయట బైపాస్ పక్కన చూశారు. అక్కడ జాగా బోల్డంత ఉంది, ఒప్పుకుంటాను, కానీ పాత ఊరికి రావాలంటే మధ్యలో రైలు గేటు ఉంది. హౌరా చెన్నై మెయిన్ లైను, గేటు పడిందంటే ఎప్పుడు లేస్తదో తెలీదు. తాటాకిళ్ళు, ఇరుకు సందులు, కిరాణా గోడౌన్లు అన్నీ గేటుకి ఇటుపక్కే ఉన్నాయి. త్వరలో వార్డు మీటింగ్ పెడతారంట. అక్కడ ఏం అడగాలో, ఎలా అడగాలో తెలిసినోళ్ళు చెప్పండి.

పాత_డ్రైవర్_ఆపరేటర్:
బాబూ, నేను ఈ డిపార్ట్‌మెంట్‌లో డ్రైవర్ ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయినోడిని, విజయనగరం జిల్లాలోనూ చేశాను మీ వైపూ చేశాను. ఒకటి చెప్తాను వినండి, మీటింగులో బిల్డింగ్ గురించి మొదలెట్టొద్దు, టైము గురించి మొదలెట్టండి. కేంద్ర హోం శాఖ చేయించిన స్టడీలో టౌన్లలో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో బండి చేరాలని రాశారు. ఆ 5, 7 నిమిషాలు మీ తాటాకిళ్ళకి బైపాస్ నుంచి కుదురుతాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. నోటితో వాదిస్తే ఎవరూ వినరు. నీళ్ళ ట్యాంకరో టిప్పరో ఒకటి మాట్లాడి, పొద్దున్న బడి టైములో ఒకసారి, సాయంత్రం బజారు టైములో ఒకసారి, రెండు చోట్ల నుంచీ ఊరి చివరిదాకా నడిపించి ఫోన్‌లో వీడియో తీయండి. బైకు మీద చూసిన టైము లెక్కలోకి రాదు, బైకు తిరిగిన మలుపులో ఫైరింజన్ తిరగదు. గేటు దగ్గర ఎంతసేపు ఆగిందో కూడా అందులో కనపడాలి.

రెండోది నీళ్ళు, దీన్ని అందరూ మర్చిపోతారు. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ళు మోసే ఫైరింజన్‌లో, 4500 లీటర్లు పడతాయి. ఒక గొట్టం గట్టిగా వదిలితే నిమిషానికి 450 లీటర్ల లెక్కన పది నిమిషాలు, రెండు గొట్టాలు వదిలితే ఐదు నిమిషాలు, ఆ తర్వాత బండి ఖాళీ. మళ్ళీ నింపుకోవడం ఎక్కడ? స్టేషన్ బోరు నిమిషానికి వంద లీటర్లు పోస్తే నింపడానికే ముప్పావుగంట, ఈలోగా వీధి వీధంతా బూడిదే. కాబట్టి కొత్త స్టేషన్‌లో పెద్ద సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని కింద లావుపాటి పైపు, బండి ఆగిన చోటే పైనుంచి పడేలా ఉండాలి. ఇది రాతపూర్వకంగా అడగండి.

ఇంకా గొట్టాలు వేలాడదీయడానికి టవర్ కావాలి. సరిగ్గా ఆరని గొట్టం ముక్కిపోతది, తీరా ప్రెషర్ పెట్టినప్పుడు పగులుద్ది. ఆ టవరే మా కుర్రాళ్ళకి నిచ్చెన డ్రిల్లుకి కూడా పనికొస్తది.

సిమెంటు_ఇసక:
సివిల్ ఇంజినీర్‌ని, మాది విజయనగరం. పై మాస్టారు చెప్పినదానికి కొన్ని కలుపుతాను. డబ్బుల్లేవు అనే మాట వస్తే అడగండి, 2023 జూలైలో కేంద్రం రాష్ట్రాల ఫైర్ సర్వీసుల కోసం 5000 కోట్ల స్కీమ్ పెట్టింది, మన లాంటి రాష్ట్రాలు 25 శాతం వాటా వేసుకోవాలి, కొత్త స్టేషన్లు కట్టడం అందులో ఉన్న పనే. మీ స్టేషన్ ఆ లిస్టులో ఉందా లేక రాష్ట్రం డబ్బుతోనా అన్నది అధికారులనే అడిగి తేల్చుకోండి.

కట్టేటప్పుడు చూడాల్సింది ఏంటంటే, ముందు తలుపుల ఎత్తు. ఇప్పుడున్న బండికి సరిపోతే చాలదు, రేపొచ్చే బండికీ సరిపోవాలి. వీలైతే వెనకనుంచి లోపలికొచ్చి ముందునుంచి బయటికెళ్ళేలా రెండువైపులా తలుపులు పెట్టించండి, రోడ్డు మీద రివర్స్ చేసే బాధ ఉండదు. ముందున్న వాకిలి మామూలు సిమెంటు గచ్చు వేస్తే నిండు ట్యాంకు బరువుకి ఏడాది తిరక్కుండా పగిలిపోద్ది, మందంగా ఇనుము కట్టి కాంక్రీటు పోయాలి. మన దగ్గర తుఫాన్లు మామూలు కదా, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబర్లోనే. ఊళ్ళో కరెంటు, సెల్ టవర్లు పడిపోయినప్పుడు కూడా ఈ బిల్డింగ్ నిలబడి పనిచెయ్యాలి. జనరేటర్ ఎత్తైన దిమ్మ మీద ఉండాలి, రంపాలూ తాళ్ళూ పడవా పెట్టుకోవడానికి విడిగా గది ఉండాలి. షెడ్డు పైన రేకులు వద్దే వద్దు.

ఇంకోటి, పడుకునే గదులు బండి పెట్టే షెడ్డులోకి తెరుచుకోకూడదు. డీజిల్ పొగ, మసి పట్టిన బట్టల వాసన రాత్రంతా పీల్చడం మంచిది కాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఫైర్‌మెన్ పనినే క్యాన్సర్ తెచ్చే వాటిలో మొదటి గ్రూపులో పెట్టింది. మంటల నుంచి వచ్చాక బట్టలు ఉతుక్కోవడానికి, స్నానానికి లోపలికి పోకుండానే బయటివైపు ఏర్పాటు ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు కూడా అవదు, ప్లాన్‌లో ముందే గీయాలి అంతే.

బజారు_వీధి:
నేను ఒప్పుకోను అండి. స్టేషన్ ఊరి మధ్యలోంచి కదిపారంటే ఇంక అంతే, ఆ మెయిన్ రోడ్డు జాగాలో షాపులు లేస్తాయి, మనకి బండీ ఉండదు, జాగా కూడా ఉండదు. నాది కిరాణా హోల్‌సేల్, గోడౌన్‌లో నూనె డబ్బాలు, అట్టపెట్టెలు, గోనెలు. ఉన్నచోటే పాతది పడగొట్టి కట్టమనండి.

పాత_డ్రైవర్_ఆపరేటర్:
మీ భయం నిజమే బాబూ, కానీ బజారులో అంత పెద్ద బండి బయటికి రావడానికి ఎంత అవస్థో స్టీరింగ్ పట్టుకున్నోడికి తెలుస్తది. దుకాణాల ముందు తోపుడు బళ్ళు, అడ్డంగా పెట్టిన స్కూటర్లు, హారన్ కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టేది. హైవే మీద యాక్సిడెంట్లకీ, అవతలి పల్లెల్లో గడ్డివాములకీ బైపాస్ చోటే మంచిది. నా మాటేంటంటే రెండూ కావాలి. పెద్ద స్టేషన్ బైపాస్‌లో కట్టనీండి, పాత జాగా డిపార్ట్‌మెంట్ పేరునే ఉంచి అక్కడ సందుల్లో దూరే చిన్న మిస్ట్ జీపు (నీళ్ళని సన్నటి తుంపరలా కొట్టే చిన్న ఫైర్ బండి), ఒక టీము ఇరవైనాలుగ్గంటలూ ఉండేలా తీర్మానం రాయించండి. నోటి మాట తీసుకోకండి. పాతది మూసేది కొత్తదాంట్లో బండీ స్టాఫూ దిగాకే అని కూడా అందులో ఉండాలి.

చెరువుగట్టు_లక్ష్మి:
అన్నయ్యా, మాది కూడా మీలాటి ఊరే, మా వీధి మొత్తం తాటాకిళ్ళే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక ఇంటికి అంటుకుంది, గాలికి ఆకు ఎగిరి పక్కింటి మీద పడ్డాది, ఆడోళ్ళం బిందెలతో పరిగెట్టినాం. 101కి ఫోన్ చేసినాం, బండి బయల్దేరినాది గానీ గేటు పడిపోనాది. వచ్చినోళ్ళని ఏమీ అనను, పాపం ఒళ్ళు కాలినా ఆగలేదు. వాళ్ళొచ్చినాక నీళ్ళు అయిపోయినాయి. పక్కనే చెరువు నిండుగా ఉంది, కానీ బండి గట్టు దిగడానికి దారి లేదు, అంతా బురద. నీళ్ళు కళ్ళముందే ఉండి తీసుకోలేకపోనాం. స్టేషన్ ఎక్కడ కట్టినా చెరువు దగ్గరకి బండి వెళ్ళే దారి కావాలని కూడా అడగండి అన్నయ్యా. ఇళ్ళు పోయినోళ్ళకి పెళ్ళికి దాచుకున్న డబ్బులు, పిల్లల సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు కూడా పోయినాయి. ఆ కాగితాలు మళ్ళీ తెచ్చుకోడానికే మా పక్కింటావిడ ఆఫీసుల చుట్టూ తిరుగుతానే ఉంది.

పాత_డ్రైవర్_ఆపరేటర్:
అమ్మా లక్ష్మీ, నువ్వు చెప్పింది బంగారం లాంటి మాట. చెరువు నీళ్ళు మా పంపుతో లాగొచ్చు, కాకపోతే నీటి మట్టానికీ పంపుకీ మధ్య ఎత్తు ఏడు మీటర్లకి మించకూడదు, ఇంకా తక్కువుంటే ఇంకా మంచిది. గట్టు మీద బండి నిలబడేంత రాతి ర్యాంపు, గొట్టం వదలడానికి బురద లేని చోటు, ఇంతే కావాల్సింది. స్టేషన్ బిల్డింగ్ ఖర్చులో ఇది చాలా చిన్న పని. పంచాయతీ వాళ్ళూ మున్సిపాలిటీ వాళ్ళూ చేయించగలరు.

వంశధార_గట్టు:
అందరికీ చాలా థాంక్స్. లక్ష్మి గారూ, మీ వీధి సంగతి చదివి మా అమ్మకి కూడా వినిపించాను. మా వైపు రెండు చెరువులున్నాయి, రెండిటికీ ర్యాంపు అడుగుతాం. టిప్పర్ మాట్లాడాను, శనివారం సంత రోజే నడిపిస్తాం, ఆ రోజే రద్దీ ఎక్కువ. బజారు వీధి అన్నా, మీరూ మీటింగుకి వస్తారా? పాత జాగా డిపార్ట్‌మెంట్‌కే ఉంచాలనే మాట వ్యాపారస్తుల నోటినుంచి వస్తే బలం ఉంటది. అర్జీ ఎవరికి ఇవ్వాలో కూడా చెప్పండి మాస్టారూ.

బజారు_వీధి:
వస్తాను. తీర్మానంలో పాత జాగా అమ్మకూడదు, లీజుకి ఇవ్వకూడదు అని స్పష్టంగా ఉంటే బైపాస్‌కి నాకూ అభ్యంతరం లేదు. మా వీధిలో తోపుడు బళ్ళోళ్ళతో కూడా మాట్లాడతాను, స్టేషన్ గుమ్మం ముందు ఎవరూ పెట్టకుండా చూద్దాం.

పాత_డ్రైవర్_ఆపరేటర్:
జిల్లా ఫైర్ ఆఫీసర్‌కి ఒకటి, మున్సిపల్ కమిషనర్‌కి ఒకటి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒకటి ఇవ్వండి. అర్జీ ఒక పేజీ దాటకూడదు. వెనకాల చేత్తో గీసిన మ్యాపు పెట్టండి, అందులో రెండు స్థలాలు, గేటు, చెరువులు, తాటాకిళ్ళ వీధులు గుర్తులు పెట్టి టిప్పర్ టైములు పక్కన రాయండి. గ్రీవెన్స్‌లో రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు.