సైకిల్ లేన్‌కి తెల్ల గీత సరిపోతుందా, గట్టు అడగాలా?

మా రోడ్డు మళ్లీ వేయడానికి ప్లాన్ సిద్ధమైంది. అభ్యంతరాలకు రెండు వారాలే గడువు. డ్రాయింగులో సైకిళ్లకు ఒక తెల్ల గీత గీసి, దాన్ని ఆనుకునే పార్కింగ్ పెట్టారు. ఎవరైనా కారు తలుపు హఠాత్తుగా తెరిస్తే? మా పాప రోజూ సైకిల్ మీద స్కూలుకి వెళ్లే దారి అది, అందుకే ఇంత టెన్షన్.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి గతిశక్తి, 30తో వచ్చేదానికి దాదాపు 2.8 రెట్లు. నడిచేవాళ్లు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట 30 దాటకూడదనే రోడ్డు భద్రతపై జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటన, 2020 స్టాక్‌హోమ్ డిక్లరేషన్ కూడా కోరింది. గీత బదులు సైకిళ్లని బండ్ల నుంచి వేరు చేసే గట్టు, బండ్లు నెమ్మదించేలా ఎత్తు పెంచిన క్రాసింగ్ అడగాలని ఉంది. పార్కింగ్ పోతుందని షాపులవాళ్లు ఒప్పుకోవడం లేదు.

మీలో ఎవరైనా ఇలా ప్లాన్ మార్పించారా? వాహనాల లెక్క మనమే తీసి ఇస్తే అధికారులు పట్టించుకుంటారా? అర్జీలో ముందుగా ఏం రాయాలి?