ఓడిపోనివాడు గొప్పా, తనను ఓడించినవాడి మీదే మళ్లీ గెలిచినవాడు గొప్పా?

జడ్చర్ల పిలగాడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. ఇంట్లో మా తమ్ముడికీ నాకూ రెండు వారాల నుంచి ఒకటే పంచాయితీ, తెగట్లేదు. ఎంఎంఏలో, అదే గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన ఫైటింగ్‌లో, అందరికన్నా గొప్ప చాంపియన్ ఎవరంటే వాడు కబీబ్ నుర్మగమెదోవ్ అంటాడు. 29 ఫైట్లు, 29 గెలుపులు, ఇంక మాట్లాడేదేముంది అని వాడి వాదన. నాకేమో జార్జ్ సెయింట్ పియెర్. ఆయన రెండుసార్లు ఓడాడు. 2004లో మ్యాట్ హ్యూస్ చెయ్యి మెలిపెడితే మొదటి రౌండ్ ఇంకో సెకండ్‌లో అయిపోతుందనగా ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు, ఒక్క సెకండ్! 2007లో చాంపియన్ బెల్ట్ చేతిలో ఉండగా మ్యాట్ సెర్రా మొదటి రౌండ్‌లోనే కొట్టి పడేశాడు, సెర్రా గెలుస్తాడని అప్పుడు దాదాపు ఎవరూ అనుకోలేదు. ఆ ఇద్దరినీ మళ్లీ ఎదురుగా నిలబెట్టి ఓడించాడు. ఆ తర్వాత 2013లో తనంతట తాను వదిలేసేదాకా బెల్ట్ ఎవరికీ ఇవ్వలేదు, మళ్లీ 2017లో వచ్చి పై బరువు విభాగంలో చాంపియన్ బిస్పింగ్‌ను మెడ బిగించి ఓడించి ఆ బెల్ట్ కూడా తీసుకున్నాడు.

మీరేమంటారు? ఊరికే టైంపాస్‌కి అడగట్లేదు, దీని వెనక నా విషయం ఒకటి ఉంది, తర్వాత చెప్తా.

క్లాక్‌టవర్ నల్గొండ:
తమ్మీ, నేను మీ తమ్ముడి వైపు. కానీ 29–0 అనే అంకె చూసి కాదు. అంకె కావాలంటే బలహీనులను ఏరుకుని కొట్టి కూడా తెచ్చుకోవచ్చు. కబీబ్ ఎదుటివాడిని ఎలా ఓడించాడో చూడు. కేజ్ (ఫైట్ జరిగే జాలీ బోను) గోడకు తోస్తాడు, కింద పడేస్తాడు, వాడి కాళ్లను తన కాళ్లతో ముడేస్తాడు, ఒక చేతి మణికట్టును నడుం వెనక నుంచి పట్టేసుకుంటాడు, ఇక ఖాళీగా ఉన్న చేత్తో కొడుతూనే ఉంటాడు. తడిసిన వడ్ల బస్తా మీద పడితే ఎలా ఉంటుందో మా దగ్గర మిల్లులో పనిచేసినవాళ్లకు తెలుసు, బస్తా అయితే కదలదు కదా, ఇతను కదులుతూ కొడుతుంటాడు. అలా పది నిమిషాలయ్యేసరికి ఎంతటివాడికైనా ఊపిరి అయిపోతుంది. 2018 అక్టోబర్‌లో మెక్‌గ్రెగర్‌తో ఫైట్ మనకు ఆదివారం పొద్దున వచ్చింది, మా రూంలో ఏడుగురం ఒక ఫోన్ ముందు కూర్చుని చూశాం. మూడో రౌండ్ మెక్‌గ్రెగర్‌ది. యూఎఫ్‌సీలో, అంటే ఎంఎంఏ ఫైట్లు పెట్టే పెద్ద సంస్థలో, జడ్జీల లెక్కలో కబీబ్ పోగొట్టుకున్న మొదటి రౌండ్ అదే. నాలుగో రౌండ్‌లో మెడ పట్టి ముగించేశాడు. ఒక రౌండ్ పోయాక తొందరపడకుండా మళ్లీ తన పనే తాను చేశాడు చూడు, నాకు నచ్చింది అదీ.

తర్వాత 2020. జూలైలో నాన్న పోయాడు, చిన్నప్పటి నుంచి కోచ్ కూడా ఆయనే. అక్టోబర్‌లో గేజీని రెండో రౌండ్‌లో కాళ్ల మధ్య మెడ బిగించి ఓడించి, కేజ్ మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాడు. నాన్న లేకుండా ఇక ఫైట్ చేయనని అమ్మకు మాటిచ్చానని చెప్పి అక్కడే దిగిపోయాడు. వయసు 32. ఎన్ని కోట్లు చూపించినా తిరిగి రాలేదు. బెల్ట్ చేతిలో ఉండగా దిగిపోగలగడం నా లెక్కలో 30వ గెలుపు.

మక్తల్ మట్టి:
ఇద్దరి మాటా విన్నాను. నేను కుస్తీ వైపు నుంచి చెప్తా. మా తాత పహిల్వాన్, మా ఊరి జాతరలో నేనూ ఐదేళ్లు దిగాను. మొదట చిన్నపిల్లల్ని కొబ్బరికాయకు పట్టించేవాళ్లు, పోను పోను పందెం పెరిగి చివరి పట్టు వెండి కడియానికి. మాకు వస్తాదు నేర్పిన మొదటి మాట, వీపు మట్టికి ఆనకూడదు. వీపు ఆనితే చిత్తు, ఆట అయిపోయినట్టే, ఎంత మొనగాడైనా లేచి మట్టి దులుపుకుని పోవాల్సిందే.

అందుకే ఎంఎంఏ మొదటిసారి చూసినప్పుడు నాకు మింగుడు పడలేదు. కింద వీపు మీద పడుకున్నవాడు పైవాడిని గెలవడమేంటి? 1993లో డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ పెట్టినప్పుడు రాయిస్ గ్రేసీ, అందరికన్నా సన్నగా ఉన్నవాడు, ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసి గెలిచాడు. ఆ తర్వాత 2010లో ఆండర్సన్ సిల్వా, సొనెన్ ఫైట్ చూశాను. సొనెన్ కుస్తీవాడు. నాలుగు రౌండ్లు సిల్వాను కింద పడేసి గుద్దుతూనే ఉన్నాడు, ప్రతి రౌండ్ సొనెన్‌దే, మా కుస్తీ లెక్కలో సిల్వా నాలుగుసార్లు చిత్తు. ఐదో రౌండ్‌లో రెండు నిమిషాలు కూడా మిగల్లేదు, అప్పటికీ సిల్వా వీపు మీదే ఉన్నాడు. అక్కడి నుంచే కాళ్లు మెడ చుట్టూ వేసి చెయ్యి లాగాడు, సొనెన్ ట్యాప్ చేశాడు. ఇరవై మూడు నిమిషాలు దెబ్బలు తిన్నవాడికి ఆ కాళ్లు లేపే ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటా.

నా మటుకు చాంపియన్ అంటే అది. గెలుస్తున్నప్పుడు అందరూ బాగానే ఉంటారు. వాడి ఆట సాగని రోజున ఏం చేశాడన్నదే చూడాలి. ఆ లెక్కన నా ఓటు సెయింట్ పియెర్‌కే. ఆయన చిన్నప్పుడు నేర్చుకుంది కరాటే. కుస్తీ స్కూల్లో నేర్చుకోలేదు, పెద్దయ్యాక నేర్చుకుని పుట్టు కుస్తీవాళ్లనే కింద పడేశాడు. అంటే తనకు రానిది ఏంటో ఒప్పుకున్నాడు. మా ఊళ్లో ఒకసారి కడియం గెలిచినవాడు మళ్లీ తాలీంలో (కుస్తీ నేర్చుకునే చోట) అడుగుపెట్టేవాడు కాదు, నాకు వచ్చేసింది అనుకునేవాడు.

మిర్యాలగూడ అక్క:
ఎవరూ ఆడవాళ్ల పేరే ఎత్తట్లేదు, అందుకే నేను రాస్తున్నా. అమాండా నునెస్. 2018లో సైబోర్గ్‌ను 51 సెకన్లలో పడగొట్టి రెండు బరువుల్లో బెల్టులు పెట్టుకున్న మనిషి. 2021 డిసెంబర్‌లో జూలియానా పెన్యా చేతిలో రెండో రౌండ్‌లో ట్యాప్ చేసింది, ఎవరూ నమ్మలేదు. తర్వాత ఏం చేసిందో చూడండి. ఎన్నో ఏళ్లుగా ట్రెయినింగ్ చేస్తున్న జిమ్ నుంచి బయటికి వచ్చి సొంతంగా సాధన పెట్టుకుంది. 2022 జూలైలో మళ్లీ ఎదురైనప్పుడు నిలబడే పద్ధతే మార్చేసింది, కుడిచేతి వాటం మనిషి ఎడమచేతి వాటంగా నిలబడింది. పెన్యా ముందుకు వచ్చిన ప్రతిసారీ దెబ్బ తగిలింది, రెండో రౌండ్‌లోనే మూడుసార్లు కింద పడింది. ఐదు రౌండ్లు అయ్యాక జడ్జీలు ముగ్గురూ నునెస్‌కే ఇచ్చారు.

అందుకే మళ్లీ గెలవడం అని ఊరికే అనకండి. అదే మనిషి అదే పద్ధతిలో వెళ్తే మళ్లీ అదే జరుగుతుంది. మన నిఖత్ జరీన్‌ను చూడండి, బాక్సింగే అనుకోండి, 2017లో భుజం దెబ్బతిని ఏడాది దాకా రింగ్‌కు దూరమైంది, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. నిజామాబాద్ పిల్ల. మా అమ్మాయి రూంలో ఆమె ఫొటో ఉంటుంది. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయురాలు అయిన రోజు మా ఇంట్లో పండగ చేసుకున్నాం.

కల్వకుర్తి 509:
జాన్ జోన్స్ పేరు లేకుండా ఈ లిస్ట్ ఏంటి? 23 ఏళ్లకే బెల్ట్, అది ఇప్పటికీ యూఎఫ్‌సీ రికార్డు. 2023లో హెవీవెయిట్‌కు వెళ్లి గాన్‌ను రెండు నిమిషాల్లో లొంగదీశాడు. కేజ్‌లో అతన్ని నిజంగా ఓడించినవాడు లేడు.

క్లాక్‌టవర్ నల్గొండ:
కేజ్‌లో లేడు, ఒప్పుకుంటా. బయటి సంగతి? 2015లో యాక్సిడెంట్ చేసి పారిపోయినందుకు బెల్ట్ తీసేశారు. 2017లో కార్మియర్‌ను పడగొట్టాడు, టెస్టులో స్టెరాయిడ్ దొరికింది, ఆ గెలుపు రద్దు. టాలెంట్ అడిగితే మొదటి పేరు నేనే చెప్తా. కానీ జడ్చర్ల తమ్ముడు అడిగింది చాంపియన్ గురించి. పిల్లలకు చూపించి నేర్చుకోమని చెప్పలేనివాడిని నేను ఆ మాటతో పిలవలేను.

జడ్చర్ల పిలగాడు:
ఇంత మంచిగా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు నా విషయం చెప్తా.

పోయిన ఏడాది హైదరాబాద్‌లో అమెచ్యూర్ ఫైట్ ఆడాను, నా మొదటిది. 70 కిలోల్లో. నేను ఉన్నది 76. ఆఖరి రెండు రోజులు నీళ్లు మానేసి, రెండు స్వెట్టర్లు వేసుకుని ఎండలో తిరిగి బరువు దించాను. మొదటి రౌండ్ బాగా ఆడాను. రెండో రౌండ్ సగానికి చేతులు లేవలేదు. ఎదుటి పిలగాడు నన్ను కేజ్ గోడకు ఆనించాడు, జారి కింద పడ్డా, లేవలేకపోయా, మెడ దొరికింది. ట్యాప్ చేశా. ఆ రోజు నుంచి అమ్మకు టెన్షన్, నాకు నిద్రలో కూడా ఆ గోడే. ఇప్పుడు మళ్లీ అదే పిలగాడితో ఫైట్ ఉంది, ఆడతావా అని అడుగుతున్నారు, మూడు నెలల టైం ఉంది. తమ్ముడేమో వాడితో వద్దు, వేరేవాడితో ఆడి గెలిచి రికార్డు సరిచేసుకో అంటున్నాడు. మా పంచాయితీ అసలు ఇదీ.

మిర్యాలగూడ అక్క:
తమ్ముడూ, ఫైట్ సంగతి తర్వాత, ముందు ఆ నీళ్లు మానేయడం ఆపు. 2015 డిసెంబర్‌లో చైనా ఫైటర్ యాంగ్ జియాన్ బింగ్ బరువు దించుకుంటూనే చనిపోయాడు, 21 ఏళ్లు. ఆ తర్వాతే వన్ చాంపియన్‌షిప్ అనే ఎంఎంఏ సంస్థ వాళ్లు నీళ్లు తగ్గించి బరువు దించడాన్ని నిషేధించారు. ఒంట్లో నీరు లేకపోతే చేతులు లేవవు, తలకు తగిలే దెబ్బ కూడా ఎక్కువ హాని చేస్తుంది. మీ అమ్మ టెన్షన్ ఊరికే కాదు.

మక్తల్ మట్టి:
అక్క చెప్పిందే నా మొదటి మాట కూడా. 76 ఉన్నవాడివి మూడు నెలల్లో తిండితో, పరుగుతో 72కు, 71కు రాగలవు. మిగతాది కూడా నీళ్లు తగ్గించకుండా దిగేలా ఉంటేనే 70కి ఒప్పుకో, లేదంటే పై బరువులో పెట్టమని అడుగు. ఆ పిలగాడు పైకి రానంటే వాడిని వదిలెయ్, వాడి కోసం ఒళ్లు పాడుచేసుకోకు.

రెండోది, నువ్వు రాసింది మళ్లీ చదువుకో. వాడు నిన్ను పంచ్‌తో ఓడించలేదు. గోడ దగ్గర ఓడించాడు, అక్కడి నుంచి లేవడం నీకు రాలేదు. సెర్రా చేతిలో ఓడాక సెయింట్ పియెర్ ఒక ఇటుక మీద సెర్రా పేరు రాసి పెట్టుకుని, మనసులో బరువు దిగాక నదిలో పారేశానని చెప్పుకున్నాడు. నువ్వూ ఆ పిలగాడి మీద కోపం పెట్టుకోకు. ఆ గోడ ఒక్కటి పెట్టుకో. రోజూ ప్రాక్టీస్ అయ్యాక, అలసిపోయి ఉన్నప్పుడే, నీకన్నా బరువైనవాడిని మీద వేసుకుని గోడకు వీపు ఆనించి లే. పడేస్తే మళ్లీ లే. వారానికి ఆదివారం ఒక్కరోజు వదిలెయ్. మా వస్తాదు మాకు ఊపిరి పోయాకే పట్టు నేర్పేవాడు, ఓపిక ఉన్నప్పుడు నేర్చుకున్నది ఓపిక పోయాక గుర్తుండదని.

క్లాక్‌టవర్ నల్గొండ:
నేను కబీబ్ మనిషినే, అయినా ఇక్కడ నీ వైపే తమ్మీ. వాడితోనే ఆడు. హైదరాబాద్‌లోనే అయితే డేట్ చెప్పు, నల్గొండ నుంచి మేం నలుగురం బస్సెక్కుతాం.

జడ్చర్ల పిలగాడు:
ఇప్పుడే ఫోన్ చేశాను. 70 కాకుండా పై బరువులో అయితే ఆడతానన్నా, ఆ పిలగాడిని అడిగి రేపు చెప్తామన్నారు. వాడు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా సోమవారం నుంచి గోడ మొదలుపెడుతున్నా, మా జిమ్‌లో 90 కిలోల అన్న ఒకడున్నాడు, అడిగితే మీద పడుకోవడమే కదా వస్తా అన్నాడు. అమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు. అక్కా, ఆ యాంగ్ సంగతి మా తమ్ముడికి చదివి వినిపించా, ఇప్పటి నుంచి నా నీళ్ల బాటిల్ వాడే మోస్తాడంట.