వివరింపదగున్: వివరించాలా, ఆరా తీయాలా?

క్యూకాపరి: మిడిల్‌వేర్ (సిస్టమ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) లాగుల మీద, అంటే అది రాసుకునే చిట్టాల మీద, మా టీమ్‌కి ఒక నోట్ రాస్తున్నాను. పైన సుమతి పద్యం పెడదామంటే 'వినినంతనె వేగిరపడక వివరింపదగున్' అని నోట్లో ఆడుతోంది, ఎక్కడో తేడా కొడుతోంది. అసలు గొడవ చివరి మాటతో. మా సహోద్యోగి దాన్ని 'విన్నది అందరికీ వివరించు' అని చదివి, ఎర్రర్ లైను పడగానే మెయిల్ పెట్టాలంటాడు. ముందు ఆరా తీయమని నా వాదన. ఎవరిది ఒప్పు?

అరసున్న: 'వేగపడక'. 'వేగిర' అంటే ఒక మాత్ర ఎక్కువై యతి కూడా జారిపోతుంది. ఆరో గణం 'గపడక' నాలుగు లఘువుల చక్కటి నలం, దాన్ని ఎందుకు చెడగొట్టడం? కందాన్ని నోట్ మీదికి ఎక్కించేముందు వేళ్ల మీదైనా లెక్కపెట్టుకోవాలి.

క్యూకాపరి: మాత్ర దొరికింది, సంతోషం. అర్థం?

శబ్దమణి: సంస్కృతంలో వివరణ అంటే మూత తీయడం. వివరం అంటే కన్నం కూడా. కాబట్టి మీకు రంధ్రాన్వేషణే విధి.

పాతసర్వర్: అందరూ రెండో పాదం దగ్గరే ఆగారు. కీలకం మూడో పాదం 'కని కల్ల నిజము దెలిసిన'లోని 'కని'. లాగు అంటే ఎవరో చెప్పిన మాట. అవతలి సిస్టమ్ 'అంతా సరే' అనే 200 కోడ్‌తోనే లోపల ఫాల్ట్ పెట్టి పంపినా, మెసేజ్ అందించే అడాప్టర్ 'పంపేశాను' అని రాసుకుంటుంది. మూడు రీట్రైల (మళ్లీ ప్రయత్నాల) తర్వాత వెళ్లినదీ దాని లెక్కలో విజయమే. ఆ రీట్రైలు రోజురోజుకీ పెరుగుతుంటే కనెక్షన్ పూల్ (వాడుకోవడానికి ఉంచిన కనెక్షన్ల నిల్వ) నిండుతోందేమో, అవతలివాడు నెమ్మదించాడేమో. ఇదంతా వినికిడి. కనడం అంటే క్యూలో ఎన్ని ఆగాయి, వాటిలో పాతదాని వయసెంత, బట్వాడా కానివి చేరే డెడ్ లెటర్ క్యూలో ఏం పడింది అని వెళ్లి చూడటం. మెసేజ్‌కి అన్నిచోట్లా అంటుకుని ఉండే గుర్తు, కొరిలేషన్ ఐడీ, పట్టుకుని ఒక్క మెసేజ్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వెంటాడితే గాని కల్ల ఏదో నిజం ఏదో తేలదు.

అరసున్న: 'కని' మీద అంత బరువు వేయకండి. ప్రాస నకారం కోసం వచ్చిన మాట అది.

శబ్దమణి: అలాగైతే 'మనుజుడు' కూడా ప్రాస కోసమే వచ్చాడు, ఆయన్నీ తీసేద్దామా? అయినా కన్నదంతా నిజమనీ లేదు. రెండు సర్వర్ల గడియారాలు కలవకపోతే ప్రశ్న కన్నా జవాబే ముందొచ్చినట్టు కనిపిస్తుంది.

క్యూకాపరి: మరి 'ఎవ్వరు చెప్పిన' మాటేమిటి? లాగుల ప్రమాణమైన సిస్‌లాగ్‌లో 0 నుంచి 7 దాకా ఎనిమిది తీవ్రతలు. ఆ చివరి డీబగ్ గోల కూడా వినాలా?

పాతసర్వర్: అవసరమైనప్పుడు తెరిచి, పని కాగానే మూసేయండి. నా భయం ఎవ్వరూ ఏమీ చెప్పనప్పుడు. ఎర్రర్లు లేవని మనం సంబరపడుతుంటే డిస్కు నిండి లాగు రాయడమే ఆగిపోయి ఉండొచ్చు. నిమిషానికోసారి 'బతికే ఉన్నాను' అంటూ రావలసిన హార్ట్‌బీట్ లైను రాకపోతే అలర్ట్ మోగాలి. సుమతిలో ఈ మౌనం సంగతి లేదు.

భాగవతప్రియ: పోతన గజేంద్రమోక్షంలో ఉంది! 'కలడు కలండనెడివాడు కలడో లేడో'. హెల్త్ చెక్ పేజీ నిండా పచ్చ గుర్తులు, క్యూ మాత్రం కదలదు. అప్పుడు ఆపరేషన్స్ వాడికీ అదే సందేహం. పైగా పై మూడు పాదాల్లోనూ 'కలడందురు' అనే అంటాడు చూడండి. అంటారట, అంతే. ఏనుగు తన సాక్ష్యంగా ఒక్క ముక్క చెప్పదు. నీళ్లలో కాలు చిక్కుకుని కూడా విన్నదాన్నీ తెలిసినదాన్నీ అలా వేరుచేయడం పోతనకే చెల్లింది.

అరసున్న: బాగుంది కానీ ఆ పాదం 'గలడు' అని మొదలవ్వాలి. పై పాదం చివరి 'దిశలను' ద్రుతాంతం, అంటే నకారంతో ముగుస్తుంది, తర్వాతి 'క' సరళమై 'గ' రావలసిందే. 'కలఁడు'లో అరసున్న కూడా మింగేశారు.

భాగవతప్రియ: పాదం విడిగా చెప్పాను గురువుగారూ, ముందు ద్రుతమే లేదు.

క్యూకాపరి: మెయిల్ పెట్టాలా వద్దా?

అరసున్న: ఉండండి. 'కలడు' తర్వాతి 'కలండు' సంగతేమిటి? అక్కడ ద్రుతం లేకపోయినా గసడదవాదేశం (కచటతపలు గసడదవలుగా మారడం) రావచ్చు.

భాగవతప్రియ: రావచ్చు. బహుళం కనక రాకపోవచ్చు కూడా.