రేపిన్ ‘ఇవాన్ గ్రోజ్నీ’: కత్తి గాట్ల తర్వాత ఆ ముఖాలు ఎవరు వేసినవి?

కుంచెగీత:
మాస్కో ట్రెత్యకోవ్ గ్యాలరీలో ఉన్న ఇల్యా రేపిన్ చిత్రం, కొడుకును పొదివి పట్టుకున్న రష్యా జార్ (చక్రవర్తి) ఇవాన్ గ్రోజ్నీ (1885, 199.5 × 254 సెం.మీ.) గురించి సందేహం. 1913లో దాన్ని కత్తితో కోశాక రేపినే వచ్చి తలలకు మళ్ళీ రంగు వేశాడని ఒకచోట, ఆయన వేసింది తుడిచేశారని ఇంకోచోట చదివాను. ఏది నిజం?

పాతరంగు:
రెండూ నిజమేనండీ. పాత రష్యా క్యాలెండర్ ప్రకారం 1913 జనవరి 16న అబ్రామ్ బలషోవ్ అనే వ్యక్తి మూడు పోట్లు పొడిచాడు. ఒక గాటు జార్ కణత నుంచి చెవి మీదుగా భుజం దాకా దిగింది. ఇంకొకటి యువరాజు ముక్కు అంచును పాడుచేసింది. చిరిగిన కాన్వాస్‌ను బాగుచేసినవాడు బొగొస్లోవ్‌స్కీ. అప్పటికి రేపిన్ వయసు 68, ఉండేది ఫిన్లాండ్ తీరాన కుఒక్కల అనే ఊళ్ళో, పెనాటీ అనే తన ఇంట్లో. అక్కణ్ణించి వచ్చి ఆయిల్ రంగులతో తలలు దిద్దాడు.

చిక్కంతా అక్కడే. 28 ఏళ్ళలో ఆయన రంగుల తీరు పూర్తిగా మారిపోయింది. గాటు వరకే ఆగకుండా చుట్టూ కూడా వేశాడు, ఊదా ఛాయ మిగతా బొమ్మతో కలవలేదు. పైగా యువరాజుకు నమూనాగా కూర్చున్న రచయిత గార్షిన్ 1888లోనే పోయాడు. జార్‌కు కూర్చున్న చిత్రకారుడు మ్యసయేదవ్ కూడా అప్పటికి లేడు. గ్యాలరీ బాధ్యత తీసుకున్న ఇగోర్ గ్రబార్ ఆ రంగు ఆరకముందే కిరసనాయిలుతో తుడిచేసి, నీటిరంగులతో దిద్ది, పైన వార్నిష్ పూశాడు. రేపిన్ మీద ఎంత గౌరవమున్నా, గ్రబార్ చేసిందే సరైన పని అంటాను.

కుంచెగీత:
ఆయిల్ బొమ్మ మీద నీటిరంగులేమిటండీ? నిలుస్తాయా?

వార్నిష్‌వాలా:
పైన వార్నిష్ ఉంటే నిలుస్తాయి. కొత్త ఆయిల్ రంగు ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడి నల్లబడుతుంది. కింది పాత పొర మారాల్సినంత ఎప్పుడో మారిపోయి ఉంటుంది. అందుకే ఇవాళ సరిపోయిన ఛాయ కొన్నేళ్ళకు మచ్చలా తేలుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక తీయబోతే అసలు రంగు కూడా ఊడొచ్చే ప్రమాదం ఉంది. నీటిరంగుకు ఆ బెడద లేదు. వార్నిష్ తీసి తడి దూదితో అద్దితే వచ్చేస్తుంది, కింది ఆయిల్ పొర కదలదు.

అయితే నీటిరంగు ఆరాక సున్నం కొట్టినట్టు పేలవంగా కనిపిస్తుంది. వార్నిష్ పడ్డాక ముదురుతుంది కాబట్టి ఛాయ కలిపేటప్పుడే ఆ తేడా లెక్కలోకి తీసుకోవాలి. రంగు ఊడిన చోటే నింపాలి, పక్కనున్న అసలు పొర మీదికి వెంట్రుకవాసి కూడా పోకూడదు. కాబట్టి గాట్ల వెంబడి సన్నటి పట్టీలు తప్పిస్తే ఆ ముఖాలు 1885వే.

పాతరంగు:
ఇదే బొమ్మ మీద 2018 మే 25న జరిగిన దాడి వేరు. అడ్డుకట్ట కోసం నిలబెట్టిన లోహపు కడ్డీతో కొడితే ముందున్న అద్దం పగిలి, యువరాజు ఒంటి మీద కాన్వాస్ మూడుచోట్ల చిరిగింది. ముఖాలకూ చేతులకూ ఏమీ కాలేదు.